మద్యపానము – మోటారు సైకిలు

మోటారు సైకిలు నేడు పల్లెపల్లెకును వచ్చినది. రైతు పొలమునకును, ఉద్యోగి కచేరికిని, వర్తకుడు సంతకును దానిమీదనే పోవుచున్నారు. ఇంతటి ఉపకారము చేయు వాహనమే త్రాగినవాని చేతిలో పడినచో ప్రాణాంతకమగును. అందుచేత ఈ విషయమున కఠినమైన శాసనము ఏర్పడినది. ఆ శాసనము చెప్పునదేమి? దానికి కారణమేమి? ఈ రెండు సంగతులను తెలిసికొందము.

మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టమునకు బదులుగా 1988లో క్రొత్త చట్టము చేయబడెను. అందలి 185వ సెక్షను త్రాగి వాహనము నడుపుటను గూర్చినది. నడుపువాని 100 మిల్లీలీటర్ల రక్తమునందు 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నచో అది నేరము. ఈ హద్దు 1994లో జరిగిన సవరణవలన ఏర్పడినది. మత్తుమందు సేవించి, వాహనమును అదుపులో ఉంచుకొనజాలని స్థితిలో నడుపుటయు నేరమే.

ఈ నియమము పెద్ద బండ్లకే గాని ద్విచక్ర వాహనములకు వర్తింపదని కొందరు తలంతురు. అది సరికాదు. లారీకిని, కారునకును ఏ హద్దు కలదో మోటారు సైకిలునకును, స్కూటరునకును అదియే హద్దు. త్రాగినది కల్లా, సారాయా, ఖరీదైన విదేశీ మద్యమా అని చట్టము అడుగదు. బండి నడిపినవాడే కాక నడుప యత్నించినవాడును నేరస్థుడే.

అనుమానము కలిగినపుడు పోలీసు అధికారి శ్వాసపరీక్ష చేయవచ్చును. రక్తము ఊపిరితిత్తులలో ప్రవహించునపుడు అందలి మద్యసారము కొంత శ్వాసలోనికి వచ్చును. దానినిబట్టి యంత్రము రక్తములోని పరిమాణమును తెలుపును. పరీక్షకు నిరాకరించిన మాత్రమున తప్పించుకొనుటకు వీలులేదు. అట్టివానిని వారంటు లేకయే నిర్బంధించు అధికారము పోలీసులకు కలదు.

2019 సవరణ ప్రకారము మొదటిసారి పట్టుబడినవానికి ఆరునెలల వరకు కారాగారవాసము గాని, 10,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల అదే నేరము చేసినచో శిక్ష రెండేండ్ల వరకును, జుల్మానా 15,000 రూపాయలకును పెరుగును. కొంతకాలము లైసెన్సునకు అనర్హుడని కూడ న్యాయస్థానము ప్రకటింపవలెను.

ఇంత కాఠిన్యమెందులకు? కారు తనంతట తాను నిలువగలదు. మోటారు సైకిలును నడుపువాడే నిలుపవలెను. దేహపు తూకమును కాపాడు చిన్నమెదడుపై మద్యము పనిచేయును. చూపు మందగించును, అపాయమును గుర్తించుటకును, బ్రేకు నొక్కుటకును ఆలస్యమగును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి అర సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా ముందునకు సాగును. రోడ్డు దాటుచున్న ముసలమ్మకును, బండికిని నడుమ ఆ ఎనిమిది మీటర్లే ఉన్నచో ఏమగునో ఊహింపుడు. మద్యము ధైర్యమును పెంచి వివేకమును తగ్గించును గనుక త్రాగినవాడు "నేను బాగుగానే ఉన్నాను" అని నమ్ముచుండును. శిరస్త్రాణము తలకు రక్షణయే గాని తూలుటను ఆపజాలదు.

నిద్రపోయి లేచిన మత్తు వదలునని ఎంచుటయు భ్రమయే. సామాన్యముగా శరీరము గంటకు 100 మిల్లీలీటర్ల రక్తమునుండి సుమారు 15 మిల్లీగ్రాముల మద్యసారమును మాత్రమే తొలగింపగలదు. అర్ధరాత్రి వేళ 150 మిల్లీగ్రాములున్నవానికి ఉదయము ఆరు గంటలకు ఇంకను 60 మిల్లీగ్రాములు మిగిలియుండును. అది హద్దునకు రెండింతలు. మజ్జిగ త్రాగినను, చన్నీటి స్నానము చేసినను ఈ లెక్క మారదు.

విందులలో "ఇంకొక్కటి పుచ్చుకొమ్ము" అని బలవంతపెట్టి, ఆపై బండి తాళము చేతికిచ్చువారు కలరు. అది స్నేహము కాదు. త్రాగి నడుపుటకు ప్రోత్సహించినవానికిని 188వ సెక్షను అదే శిక్షను విధించుచున్నది.

బాలబాలికలారా! మీకు బండి నడుపు వయస్సు ఇంకను రాలేదు. కాని వెనుక కూర్చుండు అవసరము మీకు నిత్యము కలుగును. పెండ్లినుండియో, జాతరనుండియో తిరిగివచ్చునపుడు పెద్దవారు త్రాగియున్నారని తోచినచో భయపడి ఎక్కవలదు. కోపముతో ఎదిరింపను వలదు. "మామయ్యా, బండి ఈ రాత్రికి ఇచ్చటనే ఉంచుడు, మనమందరము ఆటోలో పోదము" అని వినయముగా చెప్పుడు. వారు వినకున్నచో దగ్గరనున్న మరియొక పెద్దకు తెలుపుడు. వారికి ఆ క్షణమున కష్టము తోచినను తోచవచ్చును. అయినను మీతోపాటు వారును క్షేమముగా ఇల్లు చేరుదురు.