మీ పిల్లల "ఆ"తో సరిగమలు

స్క్రాచ్‌లో 'టెక్స్ట్ టు స్పీచ్' అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. టైప్ చేసిన మాటను అది చదువుతుంది, పాడదు. పాడించాలంటే మీ పిల్లల గొంతే చాలు.

ఇంట్లో చేసి చూడండి. 'సౌండ్స్' ట్యాబ్‌లో ఒక్క సెకను "ఆ" అనిపించి రికార్డ్ చేయండి. తర్వాత 'సెట్ పిచ్ ఎఫెక్ట్' బ్లాక్, దాని కింద 'ప్లే సౌండ్ అంటిల్ డన్'. పిచ్‌లో 10 అంటే ఒక స్వరస్థానం పైకి, 120 అంటే పై షడ్జం. సంగీతం టీచర్లు మొదట నేర్పే మాయామాళవగౌళకు 0, 10, 40, 50, 70, 80, 110, 120 వరసగా ఇవ్వాలి. రి దగ్గర 20, ద దగ్గర 90 పెట్టండి, శంకరాభరణం స్వరాలు వస్తాయి. (గమకాలు మాత్రం అడగకండి!)

"ఆ" బదులు "అమ్మా" రికార్డ్ చేస్తే పై స్వరాల్లో మాట పొట్టిగా, కీచుగా వస్తుంది. స్క్రాచ్ శబ్దాన్ని వేగంగా నడిపి శ్రుతి పెంచుతుంది మరి. మాట నిడివి మారకుండా స్వరం మార్చడమే అసలు కష్టం. 2004లో వచ్చిన యమహా వారి వోకలాయిడ్ లాంటి సాఫ్ట్‌వేర్లు చేసేది ఆ పనే. కారణం పిల్లలు అడిగితే వెంటనే చెప్పేయకండి, కాసేపు వాళ్లనే వెతకనివ్వండి.

ఒక్క జాగ్రత్త. 'షేర్' నొక్కితే ఆ గొంతును ఎవరైనా వినవచ్చు. రికార్డింగ్‌లో పేరు, స్కూలు పేరు లేకుండా చూడండి. తాతయ్య, అమ్మమ్మలకు వినిపించడానికైతే 'ఫైల్' మెనూలోంచి మీ కంప్యూటర్‌లో సేవ్ చేసుకుంటే సరిపోతుంది.