చిన్న పరిశ్రమల్లో ఎస్సీ, ఎస్టీల యాజమాన్యం: ఒక పరిశీలన

వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులకు యాజమాన్యం అనగానే సొంత వ్యాపారం, భాగస్వామ్యం, కంపెనీ అన్న మూడు రూపాలు గుర్తుకొస్తాయి. ఆ రూపాల వెనుక ఉన్న మనిషి ఎవరని పాఠ్యపుస్తకం అడగదు. పరీక్షలో రాకపోయినా ఆ ప్రశ్న మనం అడగవలసిందే.

మన హెబ్బగోడి చుట్టూ బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామిక వాడలున్నాయి. చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారు ఎందరో ఇక్కడి షెడ్లలో పనిచేస్తున్నారు. వారిలో దళిత కుటుంబాలవారూ ఉన్నారు. లేత్ మీద చెయ్యి తిరిగిన మనిషి ఇరవై ఏళ్ల తరువాత కూడా అదే లేత్ ముందు నిలబడి ఉంటాడు. షెడ్డు మాత్రం వేరొకరి పేరన ఉంటుంది. ఎందుకని?

ముందు అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. 2015-16లో జరిగిన జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలన్నిటిలో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 12.45 శాతం, ఎస్టీలవి 4.10 శాతం. ఇది చూసి ఫరవాలేదే అనుకుంటాం. అదే అంకెను తరగతులవారీగా విడదీయండి. ఎస్సీల వాటా సూక్ష్మ సంస్థల్లో 12.48 శాతం, చిన్న సంస్థల్లో 5.50 శాతం, మధ్య తరహాలో సున్నా. నమూనా సర్వే కనుక ఒక్కరూ లేరని అర్థం కాదు, లెక్కకు అందనంత తక్కువ అని. అప్పటి నిర్వచనం ప్రకారం తయారీ రంగంలో యంత్రాలపై పెట్టుబడి 25 లక్షలు దాటితే చాలు, చిన్న పరిశ్రమ అయిపోతుంది. అంటే మొదలుపెట్టేవారు ఉన్నారు. ఆ 25 లక్షల గడప దాటడమే కష్టంగా ఉంది.

ఈ సమస్య మనదొక్కటే కాదు. అమెరికాలో నల్లజాతివారిదీ ఇదే కథ. 1973లో అట్లాంటా నగర మేయరుగా ఎన్నికైన మేనార్డ్ జాక్సన్, ఆ ఊరి విమానాశ్రయం కొత్త టెర్మినల్ పనుల్లో 25 శాతం మైనారిటీ సంస్థలకు దక్కాలని పట్టుబట్టాడు. పనులు ఆలస్యమవుతాయని పెద్దలు బెదిరించినా తగ్గలేదు. 1980 సెప్టెంబరులో టెర్మినల్ తెరుచుకుంది. ఆయన పద్ధతిలో గమనించవలసింది, అప్పు ఇప్పించడం కంటే ముందు పని ఇప్పించడం. ఈ ఆలోచనే 2002 జనవరిలో భోపాల్ ప్రకటన ద్వారా మన దేశంలో చర్చకు వచ్చింది. 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ స్థాపించారు. తెలుగువారైన నర్రా రవికుమార్ ఆ సంఘంలో ప్రముఖులు. 2014లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

2012లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకటించింది. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి 4 శాతం. 2018లో మొత్తం లక్ష్యాన్ని 25 శాతానికి పెంచారు కానీ ఈ 4 అలాగే ఉండిపోయింది. అసలు కొనుగోళ్లు ఆ 4 శాతానికి చాలా దూరంలోనే ఉంటూ వచ్చాయి. కర్ణాటక కాస్త ముందడుగు వేసిందనాలి. 2016 నాటి చట్టసవరణతో 50 లక్షల లోపు ప్రభుత్వ కాంట్రాక్టు పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95, వెరసి 24.1 శాతం కేటాయించారు. 2023లో ఆ పరిమితిని కోటి రూపాయలకు పెంచారు. తెలంగాణ 2014లోనే దళిత పారిశ్రామికవేత్తల కోసం టీ-ప్రైడ్ తెచ్చింది.

ఇక అప్పుల సంగతి. 2016 ఏప్రిల్ 5న మొదలైన స్టాండప్ ఇండియా కింద ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా రుణమివ్వాలి. శాఖలు లక్షా పాతికవేలు. 2024 మార్చి నాటికి ఎస్సీ ఖాతాలు 46,248, ఎస్టీ ఖాతాలు 15,228. రెండూ కలిపి 61,476. ఎనిమిదేళ్లలో శాఖకు ఒకటి చొప్పున కూడా కాలేదు, సగమైనా రాలేదు. మహిళల ఖాతాలు మాత్రం 1,90,844. పథకం 2025 మార్చి 31తో ముగిసింది. బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాడిగా నా అభిప్రాయం ఒకటే: మేనేజరు ముందుగా వెతికేది తనఖాకు పనికొచ్చే ఆస్తిని, పనితనాన్ని కాదు. ప్రభుత్వ హామీ సంస్థ సీజీటీఎంఎస్‌ఈ 2000 నుంచీ ఉన్నా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

సరే, అప్పు వచ్చింది, యంత్రం దిగింది. అసలు పాఠం ఇక్కడే. టెండరులో పెద్ద కంపెనీ తక్కువ ధర, విడిభాగానికి 100 రూపాయలు వేసిందనుకోండి. మీది 113. విధానం ప్రకారం మీ ధర కనిష్ఠ ధరకు 15 శాతం లోపు ఉంటే, మీరు కూడా 100కే ఇస్తానని ఒప్పుకుంటే ఆర్డరులో 25 శాతం దాకా మీకు రావచ్చు. ఒప్పుకోవాలా?

మీ 113లో ముడిసరుకు 68, కూలి 18, అద్దె, వాయిదాల వంటి స్థిర వ్యయం 17, లాభం 10. నూటికి అమ్మితే పూర్తి ఖర్చు 103 కూడా రాదు. కానీ మారే ఖర్చు 86 మాత్రమే. మిగిలే 14 రూపాయలు అద్దెకు, వాయిదాకు సాయపడతాయి. లేత్ ఖాళీగా ఉంటే ఒప్పుకోవడం తెలివి. వేరే జాబ్‌వర్కుతో రాత్రింబవళ్లు తిరుగుతుంటే వదులుకోవడం తెలివి. తరగతిలో నిద్రపుచ్చే మార్జినల్ కాస్టింగ్ అధ్యాయం ఇంతే.

పదివేల విడిభాగాల ఆర్డరు అంటే 10 లక్షలు. డబ్బు చేతికి రాకముందే 8 లక్షల 60 వేలు మీ చేతినుంచి పోతాయి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి గడువు దాటిన బకాయిని చెల్లించేవరకు కొనుగోలుదారు తన ఖర్చుగా చూపుకోలేడు కూడా. అయినా ఒక్కగానొక్క కొనుగోలుదారు మీద ఫిర్యాదు పెట్టే ధైర్యం ఎందరికి ఉంటుంది? అందుకని యంత్రం మీద రుణంతో పాటే నిర్వహణ మూలధనం కూడా అడగాలి. నాయక్ కమిటీ లెక్కన అంచనా అమ్మకాల్లో 20 శాతం. ఏడాదికి 60 లక్షల అమ్మకాలంటే 12 లక్షల పరిమితి. అడగనివారికి ఏ బ్యాంకూ పిలిచి ఇవ్వదు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలకు ప్రత్యేకంగా మరొకమాట. ఈ కేటాయింపులు వచ్చాక కొందరు పెద్దమనుషులు, "నీ కులధ్రువపత్రం ఇవ్వు బాబూ, టెండరు నేను చూసుకుంటాను, నెలనెలా ఇంత ముట్టజెబుతాను" అంటూ వస్తారు. దక్షిణాఫ్రికాలో నల్లజాతివారి ఆర్థిక సాధికారత కోసం 2003లో చట్టం తెస్తే అక్కడా ఇదే మోసం మొలిచింది. 2013 సవరణలో దాన్ని నేరంగా ప్రకటించి, పదేళ్ల దాకా జైలుశిక్ష పెట్టారు. మన విధానంలో భాగస్వామ్యంలోనైనా, ప్రైవేటు కంపెనీలోనైనా 51 శాతం వాటా నిజంగా ఎస్సీ, ఎస్టీలదై ఉండాలి. పేరు ఇచ్చినవాడికి నెలకు నాలుగు రూపాయలు రావచ్చు. జీఎస్టీ బకాయి నోటీసు, బ్యాంకు వసూలు నోటీసు కూడా అదే పేరుమీద వస్తాయి.

సొంతంగా మొదలుపెట్టదలచినవారు ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. దానికి రుసుము లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. కేంద్ర సంస్థల టెండర్లలో సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావతు సొమ్ము మినహాయింపు ఉంటుంది. 2016లో మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ యంత్రాల ధరలో 25 శాతం, గరిష్ఠంగా 25 లక్షల సబ్సిడీ పథకం నడిపింది. దరఖాస్తుకు ముందు అది ఏ రూపంలో కొనసాగుతోందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. వెళ్లేటప్పుడు యంత్రం కొటేషను, షెడ్డు అద్దె ఒప్పందం, రెండేళ్ల అమ్మకాల అంచనా వెంట ఉండాలి. ఆ అంచనా ఏజెంటు చేత రాయించకుండా మీ చేత్తో మీరే వేయండి. మేనేజరు అడిగే మొదటి ప్రశ్న దానిమీదే ఉంటుంది.