ఇంటిపేరు, గోత్రం, డి.ఎన్.ఏ. పరీక్ష

మహాలయ పక్షంలో తర్పణం వదిలేటప్పుడు పురోహితులు గోత్రం, మూడు తరాల పేర్లు అడుగుతారు. గోత్రం తెలియక మనలో చాలామంది కాశ్యప గోత్రమని చెప్పుకుంటున్నాం. 1860 నుండి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుండి ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చిన 1,52,184 మందిలో మన పెద్దలూ ఉన్నారు. ఓడ జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఇంటిపేరుకు చోటు లేదు. అందుకే తరువాత తాతగారి పేరో, నాయుడు, రెడ్డి వంటి పేరో ఇంటిపేరుగా స్థిరపడింది.

ఇప్పుడు ఒకే ఇంటిపేరువారు బృందంగా చేరి డి.ఎన్.ఏ. పరీక్షలు చేయించుకుంటున్నారు. ఇందులో చూసేది వై క్రోమోజోము. గోత్రంలాగే ఇది తండ్రి నుండి కొడుకుకు, దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ఇద్దరి ఫలితాలు బాగా కలిస్తే వారికి ఒకే మూలపురుషుడు ఉన్నాడన్నమాట. ఆడవారికి వై ఉండదు కనుక నాన్నగారో, అన్నదమ్ములో, బాబాయిగారో పరీక్షకు ముందుకు రావాలి.

అయితే ఈ పరీక్ష గోత్రం పేరు చెప్పదు, ఊరు పేరూ చెప్పదు. ఇద్దరు నాయుళ్ళు ఒకే వంశం కానక్కరలేదు. కనుక ముందు పెద్దలను అడిగి, పాత కాగితాల్లో ఓడ నంబరు వెతికి, జాబితాలో ఊరు చూసుకుందాం. ఆ ఊరివారితో పోల్చినప్పుడే పరీక్ష పనికొస్తుంది.

ఫలితం కలవకపోతే నొచ్చుకోవద్దు. మధ్యలో ఎక్కడో దత్తత జరిగి ఉండవచ్చు. దత్తపుత్రునికి పెంచిన తండ్రి గోత్రమే వర్తిస్తుందని మన ధర్మశాస్త్రం. పెంచిన చేతికీ తిలోదకం ఇద్దాం.