వాకిట్లో కారుకి రంగు



కారుకి రంగు వేయడంలో రంగు వేసే పని చాలా చిన్నది. అసలు పనంతా రుద్దడంలోనే ఉంది. షెడ్డువాడు వేసే బిల్లులో ఎక్కువ భాగం పెయింటు డబ్బా ఖరీదు కాదు, రోజుల తరబడి వాటర్ పేపర్ పట్టుకుని కూర్చునే మనిషి కూలి. ఆ కూలి ఇంటి మనుషులే చేసుకోగలిగితే తక్కువ ఖర్చులో పాత బండిని పరువుగా నిలబెట్టవచ్చు. షోరూం మెరుపు మాత్రం రాదు. కంపెనీలో వేసిన రంగుని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. వాకిట్లో ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

పని నేర్చుకోవడానికి మారుతి 800 లాంటి బండి అన్ని విధాలా అనువైనది. 1983 నుంచి 2014 దాకా తయారైన ఈ కారు పొడవు 3.3 మీటర్లకి కాస్త ఎక్కువ. ఒంపులు తక్కువ, రేకులు సాదా. పాత మోడళ్ల బంపర్లు రంగు వేయని ప్లాస్టిక్‌వి కనుక వాటి జోలికి పోనక్కర్లేదు.

రంగు ఎంచుకోవడంలో ఉత్తమమైన దారి బండికి ముందున్న రంగునే మళ్లీ వేయడం. తలుపు సందులు, ఇంజను గది లోపలి భాగం అప్పుడు వదిలేయవచ్చు. ఆర్సీలో రంగు కూడా రాసి ఉంటుంది కాబట్టి మారిస్తే ఆర్టీయే ఆఫీసులో మార్పించుకోవాలి. సైన్యం వాడే ఆలివ్ ఆకుపచ్చ మామూలు బండ్లకి వేయడం నిబంధనలకి విరుద్ధం. మెటాలిక్ రంగు ఇంటి పనికి పనికిరాదు. అందులోని లోహపు పొలుసులు ఒకే తీరుగా పడాలంటే స్ప్రే గన్ను, తిరిగిన చెయ్యి రెండూ కావాలి, లేకపోతే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. తెలుపు, లేత పసుపు లాంటి సాదా రంగులు తప్పుల్ని దాచిపెడతాయి. నలుపు ప్రతి సొట్టనీ ఎత్తి చూపిస్తుంది.

పెయింటులో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి: ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), పీయూ (పాలీయురేథేన్), సింథటిక్ ఎనామెల్. నిగనిగలోనూ మన్నికలోనూ పీయూదే పైచేయి. అయినా ఇంటి దగ్గర దాన్ని కొట్టకూడదు. దాని హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఊపిరాడదు. మూతికి కట్టుకునే గుడ్డ గానీ, కరోనా కాలంలో పెట్టుకున్న మాస్కు గానీ దీన్ని ఆపలేవు. ఎన్‌సీ త్వరగా ఆరుతుంది గానీ దానికీ కంప్రెసరు, గన్ను కావాలి. పైగా గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున తెల్లటి పొగమంచు పట్టినట్టు పాలిపోతుంది. జేబు బరువు లేనివాళ్లకి మిగిలేది ఎనామెల్, దాన్ని పూయడానికి ఫోమ్ రోలరు. కారుకి రోలరా అని నవ్వేవాళ్లు ఉంటారు. కానీ 1920ల మొదట్లో జనరల్ మోటార్స్, డ్యూపాంట్ కలిసి స్ప్రే చేసే డ్యూకో లక్కను తెచ్చేదాకా కార్లకి ఎక్కువగా కుంచెతోనే వార్నిష్ పూసేవారు. ఒక్కో బండికి వారాలు పట్టేది.

రెండు లీటర్ల ఎనామెల్, టర్పెంటైన్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, హార్డ్‌నర్‌తో వచ్చే పాలియెస్టర్ లప్పం, నాలుగు అంగుళాల ఫోమ్ రోలర్లు, మాస్కింగ్ టేపు ఉంటే చాలు. వాటర్ పేపర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. అరిగిన కాగితంతో రుద్దితే చెయ్యి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

మొదట సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తాలి. ఇది రుద్దడానికి ముందే జరగాలి. డాష్‌బోర్డుకీ టైర్లకీ రాసే మెరుపు ద్రావకాల్లో సిలికాన్ ఉంటుంది. తుడవకుండా రుద్దితే అది గీతల్లోకి దిగిపోయి, తర్వాత వేసిన రంగు అక్కడక్కడ గుండ్రంగా విడిపోయి గుంటలు కడుతుంది. లైట్లు, నంబరు ప్లేట్లు, హ్యాండిళ్లు విప్పగలిగినన్ని విప్పాలి. విప్పగలిగినదానికి టేపు వేయడం బద్ధకం.

తుప్పు ఎక్కువగా తలుపుల అడుగున, చక్రాల పైకమ్ముల్లో, అద్దం బీడింగు కింద దాక్కుంటుంది. పైన చిన్న బుడగలా కనిపించే చోట స్క్రూడ్రైవరు కొనతో గుచ్చి చూస్తే లోపల ఎంత తిన్నదో తెలుస్తుంది. చిల్లు పడితే వెల్డింగుకి వెళ్లాల్సిందే. లప్పంతో పూడ్చిన చిల్లు ఒక్క వానాకాలం కూడా నిలబడదు. చిల్లు లేకుంటే తెల్లటి రేకు తేలేదాకా గోకాలి. ఆ రేకుని రాత్రంతా ఊరికే వదలకూడదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తెల్లారేసరికే ఎర్రబడుతుంది.

సొట్టలకి పెట్టే పాలియెస్టర్ లప్పం తెల్ల రేకు మీదే పెట్టాలి. హార్డ్‌నర్ బరువులో నూటికి రెండు మూడు పాళ్లకి మించితే గట్టిపడి పగులుతుంది, తక్కువైతే జిగురుగానే ఉండిపోతుంది. నిమిషాల్లో బిగుస్తుంది కనుక పట్టినంతే కలుపుకోవాలి. దీన్ని పొడిగానే రుద్దాలి, నీళ్లు పీల్చుకుంటుంది. 80 నంబరు కాగితంతో ఆకారం తెచ్చి, 180తో నున్న చేసి, సన్న రంధ్రాలుంటే పల్చగా మరో పూత పెట్టాలి. కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి రుద్దడం తప్పనిసరి. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల అచ్చులు కాలువల్లా పడతాయి, రంగు మెరిశాక గానీ కనిపించవు. మిగతా బండి మీది పాత రంగుని 400తో తడిపి రుద్దితే మెరుపు పోయి మసక వస్తుంది. అంతకంటే పీకక్కర్లేదు.

లప్పం మీదా తెల్ల రేకు మీదా ప్రైమర్ పూసి, అది ఆరిన మర్నాడు దాని మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, 400తో తడిపి రుద్దాలి. గీతలు చెరిగిపోని చోటు పల్లం, త్వరగా పోయిన చోటు మెట్ట. పల్లంలో మళ్లీ ప్రైమర్ వేసి మళ్లీ గీయాలి. ఈ దశలో ఎన్‌సీ లప్పం గానీ ఎన్‌సీ థిన్నరు గానీ తగలనివ్వకూడదు, కింది పూత ముడతలు పడి లేస్తుంది.

రంగు వేసేందుకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మంచు విడిచాక మొదలుపెట్టి, ఎండ వాలేలోగా ముగించాలి. సాయంత్రం ట్యూబులైటు వెలిగించి పని సాగదీస్తే ఊళ్లోని పురుగులన్నీ తడి రంగు మీదే వాలతాయి. వాలినవాటిని తడిలో పీకితే గుంట పడుతుంది. ఆరాక రుద్దితే పోతాయి. నీడ ఉండాలి, నేల మీద ముందే నీళ్లు చల్లాలి.

ఎనామెల్‌లో టర్పెంటైన్ కొద్దికొద్దిగా పోస్తూ, పుల్ల మీంచి పాలలా జారేదాకా పలుచన చేయాలి. టాపు, బానెట్, డిక్కీ, ఆ తర్వాత పక్క రేకులు. ఒక రేకు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. రోలరు లాగగానే బుడగలు లేస్తాయి. చాలామటుకు వాటంతట అవే చితుకుతాయి, మిగిలినవాటిని అదే రోలరుతో బరువు వేయకుండా తాకించుకుంటూ పోతే సరి. మొదటి పూత చూస్తే గుండె జారుతుంది: కింది ప్రైమర్ చారలు చారలుగా కనిపిస్తూనే ఉంటుంది. ఒక్కసారే కప్పెయ్యాలని మందంగా వేస్తే కారుతుంది. పూతకీ పూతకీ ఒక రోజు విడిచి, రెండేసి పూతలకి ఒకసారి 800తో నీళ్లు పోసి రుద్దుతూ పోతే ఐదారు పూతలకి నిండుదనం వస్తుంది. అంచుల దగ్గర రంగు పల్చగా నిలుస్తుంది కనుక అక్కడ టేపు వేసి మధ్యలోనే రుద్దాలి. ఆఖరి పూత వేసిన రోజే, పూర్తిగా గట్టిపడకముందే మాస్కింగు టేపు తీసేయాలి.

రంగు తుడిచిన గుడ్డల్ని మూలన కుప్పగా పడేయకూడదు. ఎనామెల్‌లో ఆరే నూనెలుంటాయి. ఆరేటప్పుడు పుట్టే వేడి కుప్పలో చిక్కుకుంటే నిప్పు రాజుకునే ప్రమాదముంది. తీగ మీద విడివిడిగా ఆరేయాలి.

గోటికి గట్టిగా తగిలినా లోపల రంగు ఇంకా మెత్తగానే ఉంటుంది. నెల రోజులు వట్టి నీళ్లతోనే కడగాలి, గుడ్డ కవరు కప్పకూడదు. ఆ తర్వాత 1500, 2000 కాగితాలతో తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పట్టిస్తే రోలరు గుర్తులు పోయి మెరుపు తేలుతుంది. మిగిలిన రంగుని చిన్న గాజుసీసాలో గొంతు దాకా నింపి మూత బిగించాలి. సీసాలో గాలి ఉంటే మీగడ కట్టి, గీత పడ్డ రోజున అక్కరకి రాదు.