విమానాన్ని దింపే ఉపగ్రహం, మా గట్టు చూపించలేదా?

మొన్న సంక్రాంతి సెలవులకి ఇల్లందు వెళ్లినప్పుడు, అడవి అంచున ఉన్న మా చేను గట్టు మీద ఫోన్ పట్టుకుని తాతతో నడిచాను. మ్యాప్‌లో నీలం చుక్క ఒకసారి చేలో, ఒకసారి అడవిలో! తాత నవ్వాడు: "విమానాన్నే దింపుతదంట గదరా, మన గట్టు చూపియ్యదా?" అప్పుడు జవాబు తెలీలేదు. తర్వాత చదివాను.

ముందు విమానం సంగతి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన వ్యవస్థ గగన్. 15 రిఫరెన్స్ స్టేషన్లు జీపీఎస్‌లో వచ్చే తప్పుని కొలుస్తాయి. ఆ సవరణలు జీశాట్ ఉపగ్రహాల మీదుగా విమానానికి అందుతాయి. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఇండిగో విమానం దీని సాయంతో దిగింది. గగన్‌కి అనుమతి ఉన్న ఏపీవీ-1 స్థాయిలో అడిగే ఖచ్చితత్వం ఎంతో తెలుసా? అడ్డంగా 16 మీటర్లు, ఎత్తులో 20 మీటర్లు. అంతే! కానీ తప్పు అడ్డంగా 40 మీటర్లు, ఎత్తులో 50 మీటర్లు దాటితే 10 సెకన్లలో పైలట్‌కి హెచ్చరిక వెళ్లాలి. ఆ హెచ్చరిక రాకుండా పోయే అవకాశం ఒక్కో అప్రోచ్‌కి కోటిలో రెండుకి మించకూడదు. అంటే ఆకాశంలో ముఖ్యమైంది "ఇప్పుడు నన్ను నమ్మొద్దు" అని టైముకి చెప్పడం.

ఇక గట్టు. చతురస్రంగా ఉన్న ఎకరానికి ఒక్కో వైపు దాదాపు 63.6 మీటర్లు. ఒక గట్టు 3 మీటర్లు లోపలికి జరిగితే 191 చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండు గుంటలు పోయినట్టే. పోడు భూమైతే ఆ గీతే పట్టాకీ అడవికీ మధ్య హద్దు.

అందుకే సర్వేయర్లు ఆర్‌టీకే వాడతారు. కొలత తెలిసిన చోట ఒక రిసీవర్ కదలకుండా ఉంటుంది, ఇంకొకటి గట్టు మీద. జీపీఎస్ తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. రెండు చోట్లా అందిన తరంగాలని పోల్చి, తప్పుని రెండు మూడు సెంటీమీటర్లకి దించుతారు.

కానీ విమానం పైన ఆకాశం ఖాళీ, మా గట్టు మీద చెట్లు. ఆకులు సిగ్నల్‌ని బలహీనం చేస్తాయి, కాండాలకి తగిలి అది దారి మళ్లుతుంది. పైలట్ గాల్లో ఆగలేడు, సర్వేయర్ ఆగగలడు. రిసీవర్ "ఫిక్స్" చూపించేదాకా ఆగాలి. అది రాకపోతే, ఖాళీ జాగాలో పాయింట్ తీసుకుని అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో గట్టుని కొలవాలి.

తాతకి ఫోన్ చేసి ఒక్కటే చెప్పాను: "కొలవడానికి ఎవరొచ్చినా, ఫిక్స్ వచ్చాకే పాయింట్ తీశారా అని అడుగు. ఆ తర్వాతే సంతకం పెట్టు."