పశువు విషంతో చనిపోయిందన్న అనుమానం - పూడ్చకముందు చేయవలసిన పని

కొన్నేళ్ళ కిందట పెనుకొండ వైపు ఒక సంఘంలో ఒకే సభ్యుని రెండు సంకరజాతి ఆవులు ఒక్క సాయంత్రం చనిపోయినవి. పక్క పొలం వేరుశనగకు ఆ ఉదయమే మందు కొట్టినారు. పాత కక్షతో చేసినాడని ఊరు ఊరంతా అన్నది. మర్నాడు మధ్యాహ్నం నేను పోయేసరికి ఆవులను పూడ్చివేసి, పేడ ఎత్తి, కొట్టం కడిగి ఉంచినారు. కేసు నిలవలేదు, బీమా రాలేదు. ఆ ఇద్దరు సభ్యులూ తరువాత ఒకరికొకరు ఎదురుపడకుండా వేర్వేరు వేళల పాలు పోసేవారు. అది విషమో కాదో ఎవరికీ తెలియలేదు.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఆకస్మిక మరణానికి పురుగుమందు ఒక్కటే కారణం కాదు. వాన వెనుకబడి వాడిన లేత జొన్నలో సైనైడు విషం ఉంటుంది. దొమ్మరోగమూ గంటలలో చంపుతుంది. ఆర్గానోఫాస్ఫేటు మందు తగిలితే నోట చొంగ ధారగా కారును, కంటిపాప చిన్నదగును, కండలు అదురును, పారుడు పట్టును. వేళకు డాక్టరు అందితే అట్రోపిన్‌తో బ్రతికించవచ్చు. జొన్న విషానికి మందు వేరు. చనిపోయిన పశువు ముక్కు నుండి, గుదము నుండి గడ్డకట్టని నల్లరక్తం కారుతుంటే మాత్రం దొమ్మ అని అనుమానించి, డాక్టరు రక్తపరీక్ష చేయకముందు ఎవరూ కళేబరాన్ని కోయరాదు.

కార్యదర్శి వెంటనే పశువైద్యాధికారికి, లేదా 1962 నంబరుకు ఫోను చేయవలెను. విషం అనుమానముంటే పోలీసుకు ఫిర్యాదు వ్రాసి ఇప్పించి, కళేబరం దగ్గర మనిషిని కాపలా ఉంచవలెను. కడుపులోని మేత, కాలేయం, మూత్రపిండం వేర్వేరు సీసాలలో డాక్టరు తీయును. రసాయన పరీక్షకు పోవు సీసాలో ఫార్మలిన్ పోయరాదు, మంచులో పెట్టి పంపవలెను. తొట్టి నీరు, తిన్న మేత, దొరికిన మందు డబ్బా కూడా పంచనామాలో చేరవలెను. సీలు వేసిన సీసా ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదీ వ్రాతలో లేకపోతే కోర్టులో అది వట్టి సీసాయే.

ఇక చట్టం మాట. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన పిండి తిని నూరుమందికి పైగా చనిపోయినారు. ఆ తరువాత జరిగిన విచారణల ఫలితమే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం. దాని 38వ సెక్షను ప్రకారం సొంత సాగుభూమిలో మందు వాడుకొను రైతుకు ఆ చట్టం వర్తించదు. చాలామంది ఇది తెలియక వ్యవసాయాధికారి చుట్టూ తిరుగుతారు. ఆయన అధికారం అమ్మకందారు మీద, సరుకు మీద. నష్టం కలిగించవలెననో, కలుగునని తెలిసియో పశువుకు విషం పెట్టినవాని మీద 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను వర్తించును. అయిదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. అంతకుముందు ఐ.పి.సి. 428, 429 ఉండేవి.

నా అనుభవంలో పగకంటే అజాగ్రత్తే ఎక్కువ. మందు డబ్బాతో కుడితి పోయుట, పంపును కాలువలో కడుగుట, వేరుపురుగుకు తెచ్చిన పాత ఫోరేట్ గుళికలు అటకమీద ఉంచుట. ఆ ఫోరేట్ 2020 డిసెంబరు 31తో నిషేధమైనది. పట్టుపురుగుల రైతు పక్కచేను మందుకు ఎంత భయపడునో, పాడిరైతు అంత భయపడడు.

ఆ ఇంటి మిగిలిన పశువుల పాలు డాక్టరు సరే అనువరకు కేంద్రంలో పోయించుకొనరాదు. ఎందుకు తీసుకొనలేదో ఆ పూటే పుస్తకంలో వ్రాసి, సభ్యుని సంతకం తీసుకొనవలెను.