మన ఇంటి మురికి ఎవరి చేతికి పోతోంది?



ఉపాసకులారా, ఉపాసికలారా! ఈ పాఠంలో మన వంటగది గురించి, స్నానాలగది గురించి, చెత్తబుట్ట గురించి చెప్పుకుందాం. ధమ్మ పాఠంలో సబ్బులూ సర్ఫులూ ఎందుకని కొందరికి అనిపించొచ్చు. పంచశీల పొద్దున్నే చదువుకుంటాం. అది నిజంగా పరీక్షకు వచ్చేది మాత్రం బట్టలుతికేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు, చెత్త పారబోసేటప్పుడే. పర్యావరణం, ఎకో ఫ్రెండ్లీ అనే మాటలు టీవీ ప్రకటనల్లో వింటున్నాం. వాటిని మన ధమ్మంతో, మన చరిత్రతో కొలిచి చూడటమే ఈ పాఠం.

నీళ్ళ గొడవ మనకు కొత్త కాదు

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. మన ఉద్యమం నీళ్ళ దగ్గరే నడక నేర్చింది. ఆయన వెళ్ళాక అక్కడి అగ్రకులాలవాళ్ళు ఏం చేశారో గుర్తుందా? చెరువు మైలపడిందని 108 కుండలతో పేడ, మూత్రం, పాలు, పెరుగు తెచ్చి అందులో పోసి శుద్ధి చేశామన్నారు. మనిషి తాగితే మైలట, పేడ కలిపితే శుద్ధి అట!

మన దగ్గర కారంచేడు సంగతి చూడండి. అదీ కృష్ణా పశ్చిమ డెల్టా ఊరే. 1985 జులైలో మాదిగలు తాగే నీటి చెరువు దగ్గర అగ్రకుల యువకులు బర్రెలకు వాడిన బకెట్టు కడుగుతుంటే మనవాళ్ళు అభ్యంతరం చెప్పారు. తాగే నీళ్ళు పాడుచేయొద్దని అడిగినందుకు జులై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. పర్యావరణం చదువుకున్నవాళ్ళ సరదా అని ఎవరైనా అంటే ఈ చెరువును గుర్తు చేయండి. నీళ్ళు శుభ్రంగా ఉండాలని అడిగి మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

శుద్ధి వేరు, శుభ్రం వేరు

మడి, మైల అనేవి శుద్ధి లెక్క. అందులో సూక్ష్మజీవుల మాట లేదు, ఆరోగ్యం మాట లేదు. ఎవడు ముట్టుకున్నాడన్నదే లెక్క. తన ఇల్లు మడిగా ఉంచుకుని, ఆ ఇంటి మలాన్ని ఇంకో కులం చేత మోయించిన పద్ధతి అది. దాన్నే పాకీ పని అన్నారు.

బుద్ధుడి దగ్గర లెక్క వేరు. ఒక భిక్షువు విరేచనాల జబ్బుతో తన మలంలోనే పడి ఉంటే, తోటి భిక్షువులు పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, ఇద్దరూ కలిసి స్వయంగా అతన్ని కడిగి పడుకోబెట్టారు. రాజగృహంలో వీధులూడ్చే సునీతుణ్ణి సంఘంలోకి తీసుకున్నదీ ఆయనే. భిక్షువులకు పెట్టిన నియమాల్లో, పచ్చని మొక్కల మీద, నీళ్ళలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు అని కూడా ఉంది. ఆ నీళ్ళు తర్వాత వాడుకునేవాడు ఉంటాడన్న ఎరుక ఆ నియమంలో ఉంది.

అందుకే మనకు కొలబద్ద ఇది: నా చెయ్యి దాటాక ఇది ఎవరి చేతికి పోతుంది? ఎవరి నీళ్ళలో కలుస్తుంది? పటిచ్చసముప్పాదం, అంటే ఒకటి ఉన్నందున ఇంకొకటి కలగడం, మన సింకు దగ్గరే కనిపిస్తుంది.

బెజవాడ కాలువలు ఎక్కడికి పోతున్నాయి?

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇక్కడ బయల్దేరే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ నగరం మధ్య నుంచే పోతాయి. ఇళ్ళ మురుగు, చెత్త వాటిలో కలవడం మనం రోజూ చూస్తున్నదే. ఆ నీళ్ళే డెల్టాకు పోయి పొలాలు తడుపుతాయి. శివారు ఊళ్ళలో భూమిలో ఉప్పునీళ్ళు. అక్కడ మంచినీళ్ళ చెరువు కాలువ నీళ్ళతో నిండాల్సిందే. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుని, ఆ నీళ్ళతోనే నెలలు గడపాలి.

కాలువల్లో గుర్రపు డెక్క ఎందుకంతగా పెరుగుతోంది? మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ దానికి ఎరువు. మన ఇంట్లో వదిలింది అక్కడ ఆకులేస్తోంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాలువ గట్టు మీద గుడిసె వేసుకున్న పేదోణ్ణి దోషిని చెయ్యడం సులువు. అతనికి డ్రైనేజీ ఎవరిచ్చారు? మురుగు శుద్ధి చేసి వదలడం మునిసిపాలిటీ బాధ్యత, ప్రభుత్వ బాధ్యత. అది అడగడం మానకూడదు. అడుగుతూనే మన చేతిలో ఉన్నది మనం చెయ్యాలి. అడిగే నోటికి ఆచరణ బలం ఇస్తుంది.

మాన్‌హోల్లో ఎవరున్నారు?

సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ పేరు వినే ఉంటారు. మన ఊరి పాత పేరే ఆయన ఇంటిపేరు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టి, ఆ పని రద్దు కావాలని జీవితమంతా పోరాడారు. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మురుగుగుంటలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలకు పెంచాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చావులు ఆగలేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఆ బురద ఎవరు ఎత్తారు? మన పారిశుధ్య కార్మికులతో పాటు వేరే మునిసిపాలిటీల నుంచి కూడా కార్మికులను రప్పించారు. ఆ చేతులు ఏ కులాలవో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మనం పారేసే గాజుపెంకు, కుళ్ళిన అన్నం కలిసిన ప్లాస్టిక్ కవరు, విడిగా చుట్టని ప్యాడ్, డ్రైనేజీలో పోసిన యాసిడ్ ఆ చేతుల్లోకే పోతాయి. పాణాతిపాతం అంటే కత్తితో చంపడం ఒక్కటేనా? శివారు ఊరివాడి మంచినీళ్ళను అడగకుండా పాడుచేయడం అదిన్నాదానం కాదా? ఈ రెండు శీలాలూ చదివేటప్పుడు ఇది ఆలోచించండి.

ఆనందుడు చెప్పిన లెక్క

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. కోశాంబి రాజు ఉదేనుడి రాణులు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేశారు. ఇన్ని గుడ్డలేం చేసుకుంటారని రాజు అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి పాత చీవరాలో? అవి పక్కదుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలేబులవుతాయి. అవి పాతబడితే నేల మీద పరుచుకుంటాం. ఆ తర్వాత కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. అవీ చిరిగిపోతే ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల మెత్తుతాం అన్నాడు. రాజు సంతోషపడి ఇంకో 500 ఇచ్చాడు.

మన అమ్మమ్మలూ పాత చీరల్ని బొంతలు కుట్టారు. అయితే వాళ్ళు చేసింది లేమి వల్ల. ఆనందుడు చేసింది ఎరుకతో. లేమిని మెచ్చుకోవాల్సిన పని లేదు. పాత పల్లెటూరే స్వర్గం అనే మాటను బాబాసాహెబ్ రాజ్యాంగ సభలోనే కొట్టిపారేశారు. ఆ స్వర్గంలో ఇత్తడి గిన్నెలు బూడిదతో తోమింది ఎవరు? కాబట్టి వెనక్కి పోదాం అనడం లేదు. ఎరుకతో ముందుకు పోదాం.

కొనేముందు: ఏహిపస్సికో

వచ్చి చూడు, పరీక్షించు, తర్వాత నమ్ము. కాలాములకు బుద్ధుడు చెప్పిందీ అదే. సీసా మీద ఆకుబొమ్మ ఉంటే చాలదు. 1991లో కేంద్రం ఎకోమార్క్ పథకం పెట్టింది. దాని గుర్తు మట్టికుండ. 2024 అక్టోబర్‌లో, పర్యావరణం పేరుతో రుజువు లేని గొప్పలు చెప్పే ప్రకటనలపై మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అంటే అబద్ధాలు ఎంత పెరిగాయో తెలుస్తోంది.

పవిత్రం అని అమ్మే ఆవు మూత్రం ఫినాయిల్‌నూ ఇదే గీటురాయి మీద పెట్టండి. అందులో ఏముంది, ఏ సూక్ష్మజీవిని చంపుతుంది అని అడగండి. పవిత్రత జవాబు కాదు. సహజం అన్నదీ పూర్తి జవాబు కాదు. కుంకుడుకాయ రసం తలకు మంచిదే, ఎక్కువైతే చేపలకు విషం. చెరువులో కుంకుడు నురగ కలపొద్దు.

ఇంట్లో చేయగలిగినవి

1. యాసిడ్ మానేయండి. మరుగుదొడ్డి గారకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి పోసి, కాసేపుంచి బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. ముఖ్యమైన హెచ్చరిక: బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ గానీ నిమ్మ ఉప్పు గానీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు క్లోరిన్ వస్తుంది.

2. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువన్నది భ్రమ. బట్టల పౌడర్ చెంచాతో కొలిచి వేయండి. ఉప్పునీళ్ళున్న ఊళ్ళో సబ్బుకు నురగ రాదు, పౌడర్ తప్పదు. అక్కడ కూడా కొలత తగ్గించి చూడండి.

3. అంట్లకు కొబ్బరి పీచు వాడండి. ప్లాస్టిక్ స్క్రబ్బరు అరిగి సన్నని పొడి అయి నీళ్ళలోకే పోతుంది.

4. చెత్త మూడుగా వేరు చేయండి. 2021లో పంచిన డబ్బాలు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నాయి: తడి చెత్తకు పచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. బియ్యం పోసుకోవడానికి కాదు అవి! గాజుపెంకులు, బ్లేడ్లు కాగితంలో మందంగా చుట్టి, పైన రాసి ఇవ్వండి.

5. చోటుంటే అడుగున చిల్లులున్న కుండలో కూరగాయ తొక్కలు, పైన ఎండుటాకులు గానీ ఊక గానీ పొరలుగా వేయండి. రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. అద్దె గదుల్లో ఉండేవాళ్ళు నలుగురు కలిసి ఒక గుంట పెట్టుకోండి.

6. ప్లాస్టిక్ తగలబెట్టొద్దు. ఆ పొగ ముందు పోయేది మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి.

7. ప్యాడ్లు కాగితంలో విడిగా చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టండి. గుడ్డ ప్యాడ్లు వాడే అక్కచెల్లెళ్ళు వాటిని ఎండలో ఆరేయాలి. చాటుగా తేమలో ఆరేస్తే జబ్బులు. దాచమన్నది మైల భావన. ధమ్మం తీసుకున్న ఇంట్లో ఆ సిగ్గుకు చోటు లేదు. ఏది వాడాలో మాత్రం ఆమే నిర్ణయించుకోవాలి.

ఈ పనులన్నీ ఆడవాళ్ళ నెత్తిన వేస్తే అది ధమ్మం కాదు. బుద్ధుడే రోగిని కడిగాడు. మగవాళ్ళు చెత్త వేరు చేయడం, మరుగుదొడ్డి కడగడంతో మొదలుపెట్టండి.

"ఇవన్నీ డబ్బున్నోళ్ళ కబుర్లు కదా?"

ఈ ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. "అన్నా, రోజు కూలి చేసుకునేవాణ్ణి, రూపాయి ప్యాకెట్టు కాక ఏం కొంటాను?" అంటారు. న్యాయమైన ప్రశ్న. రోజు కూలి వచ్చేవాడికి పెద్ద సీసా కొనే డబ్బు ఒక్కసారి చేతిలో ఉండదు. కంపెనీలకు ఇది తెలుసు. ఆ పొరల ప్యాకెట్టును ఇనుపసామానువాడు కూడా తీసుకోడు.

దీనికి జవాబు సంఘం. పది ఇళ్ళు కలిసి ఒక పెద్ద క్యాను కొని, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుని కొలిచి పోసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, చెత్తా తగ్గుతుంది. మన డ్వాక్రా అక్కలకు ఈ లెక్కలు కొట్టిన పిండి. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థుకు తేనెటీగలా కూడబెట్టమనీ, సంపాదనలో ఒక భాగం ఆపదకు దాచమనీ చెప్పాడు. పువ్వు చెడకుండా తేనె తీసుకోవడం అంటే ఇదే.

మన సభలు, మన జయంతులు

ఈ మాట కొందరికి కష్టంగా ఉండొచ్చు. ఏప్రిల్ 14న స్వరాజ్ మైదానంలో 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం దగ్గర చేరతాం. నీళ్ళ ప్యాకెట్లు, కాగితం కప్పులు, ఫ్లెక్సీలు. థర్మోకోల్ పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు దేశమంతా 2022 జులై 1 నుంచి నిషేధం, అయినా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటాయి. మర్నాడు తెల్లవారుజామున వాటిని ఏరేది ఎవరు? బాబాసాహెబ్ ఫొటో ఇంట్లో పెట్టుకున్న మన చెల్లెలే. ఆయన జయంతి మర్నాడు మనవాళ్ళ నడుం వంచేది మనమే కాకూడదు.

గుడ్డ బ్యానరు ఏళ్ళ తరబడి వాడొచ్చు. ఫ్లెక్సీ మర్నాటికి చెత్త. స్టీలు గ్లాసులు సంఘానికి ఒకసారి కొంటే చాలు. విస్తరాకులు, అరటాకులు డెల్టాలో దొరకనివి కావు. సభ అయ్యాక మైకులో మాట్లాడినవాళ్ళతో సహా అందరం అరగంట ఉండి ఊడ్చి వెళ్ళాలి.

వచ్చే పౌర్ణమిదాకా ఆచరణ

ఒక్కో ఇల్లు పైన చెప్పిన ఏడింటిలో రెండు ఎంచుకోవాలి. పౌర్ణమి వందనం తర్వాత ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చెప్పుకోవాలి. మీ వీధిలో చెత్త తీసుకెళ్ళే అక్క పేరు, అన్న పేరు తెలుసుకోండి. వాళ్ళకు గ్లవుజులు, బూట్లు అందుతున్నాయా, జీతం నెలనెలా వస్తోందా అడగండి. రాకపోతే సంఘం తరఫున అర్జీ రాయండి.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇళ్ళలో శుభ్రం అనే పేరుతో ఇంకా మిగిలిన మడి, మైల అలవాట్లు ఏవి?

2. మీ ఇంటి మురుగునీరు ఏ కాలువలో కలుస్తోంది? అక్కడి నుంచి ఏ ఊరికి పోతోంది?

3. మన మునిసిపాలిటీని, పంచాయతీని ముందుగా ఏ ఒక్క పని అడగాలి?

భవతు సబ్బ మంగళం. జైభీమ్!